అరోరా ఎలక్ట్రాన్లకి ఒక్క సిలికాన్ డిటెక్టర్ ఎందుకు చాలదు? – సౌండింగ్ రాకెట్ పేలోడ్ డిజైన్

పెన్నా_ఇసుక
కాగితం మీద డిజైన్ మాత్రమే, ఎగరేసేది లేదు. పల్సేటింగ్ అరోరాలో (ధ్రువాల వైపు ఆకాశంలో మచ్చలు మచ్చలుగా వెలిగి ఆరే వెలుగు) కిందికి దిగే 10 నుంచి 500 కేఈవీ (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు ఒక కేఈవీ) శక్తి ఉన్న ఎలక్ట్రాన్లని కొలవాలి. మా జట్టు పెట్టింది ఇదీ: 160 కి.మీ. ఎక్కే రాకెట్. అందులో 1 చదరపు సెంటీమీటర్ వైశాల్యం, 500 మైక్రాన్ల మందం ఉండే సిలికాన్ డిటెక్టర్ ఒకటి, పక్కకి చూసేట్టు. రాకెట్ రెండు సెకన్లకొక చుట్టు తిరుగుద్ది కాబట్టి అన్ని దిక్కులూ అదే చూసుకుంటుంది. హై వోల్టేజీ గోల లేదు, బరువు లేదు, ఖర్చు లేదు. గైడ్ సార్ చూసి "పనికిరాదు, ఎందుకో మీరే కనుక్కోండి" అని ఫైలు ఎనక్కిచ్చేశాడు. ఏంది సామీ ఇందులో తప్పు?

గూడూరు_నిమ్మకాయ
తప్పు టైటిల్లోనే ఉండాది. "ఒక్క".

కావలి_కెపాసిటర్
కింది కొస, పై కొస రెండూ తెగిపోయాయి నీ డిజైన్లో.

కింది కొస: సిలికాన్లో ఒక ఎలక్ట్రాన్-హోల్ జంట పుట్టడానికి సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 10 కేఈవీ ఎలక్ట్రాన్ మొత్తం శక్తి వదిలినా పుట్టేది 2,800 జంటలే. అంత పెద్ద డిటెక్టర్‌ని గది వేడిలో పెడితే లీకేజీ కరెంటూ, కెపాసిటెన్సూ కలిసి 5-7 కేఈవీ వెడల్పు నాయిస్ ఇస్తాయి. దాని పైన థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న పల్స్ లెక్కలోకి రాదు అనే గీత) పెట్టుకోవాలంటే 15-20 కేఈవీ దగ్గర పెట్టాలి. అంటే నీ 10 కేఈవీ ఎలక్ట్రాన్ నాయిస్‌లో మునిగిపోయింది. అరోరా వెలుగులో ఎక్కువ భాగం ఇచ్చేది ఆ ఎలక్ట్రాన్లే, వాటినే పోగొట్టుకున్నావు.

పై కొస: 500 మైక్రాన్ల సిలికాన్ ఆపగలిగేది 300-350 కేఈవీ దాకా. 500 కేఈవీ ఎలక్ట్రాన్ దూరి అవతలికి పోతుంది, పోతా పోతా 200 కేఈవీ అటూ ఇటూగా వదిలిపెట్టి పోతుంది. నీ ఎలక్ట్రానిక్స్ దాన్ని 200 అనే రాసుకుంటుంది. లేని ఎలక్ట్రాన్లు స్పెక్ట్రంలో కనపడతాయి, ఉన్నవి మాయమైపోతాయి. వెనకాల ఇంకో డిటెక్టర్ పెట్టి, రెండిట్లో ఒకేసారి పల్స్ వస్తే కలుపుకోవాలి, లేదంటే పక్కకి తీసెయ్యాలి.

ఒంగోలు_గిత్త
దానికి తోడు బ్యాక్‌స్కాటర్. సిలికాన్‌కి తగిలిన ఎలక్ట్రాన్లలో నూటికి పది పదిహేను వెనక్కి తుళ్ళి బయటికి పోతాయి, కొంచెం శక్తి మాత్రం వదిలి. కాబట్టి ప్రతి పీక్‌కీ ఎడం పక్కన తోక ఉంటుంది. ఆ తోకని సిమ్యులేషన్‌తో లెక్కగట్టి తీసెయ్యకపోతే తక్కువ శక్తి దగ్గర ఫ్లక్స్ ఎక్కువ చూపిస్తుంది.

మైపాడు_అల
ఇంతకీ సౌండింగ్ రాకెట్ అంటే శబ్దం కొలిచేదా? నవ్వబాకండి.

పులికాట్_కొంగ
పడవోళ్ళు తాడుకి బరువు కట్టి నీళ్ళలో వదిలి లోతు చూస్తారే, ఇంగ్లీషులో దాన్నే సౌండింగ్ అంటారు. ఇక్కడ గుండు కిందికి కాదు, పైకి పోతుంది. అంతే తేడా.

పెన్నా_ఇసుకా, కెపాసిటర్ చెప్పినవి సరిచేసుకోవచ్చు. అసలు కొంప ముంచేది "పక్కకి చూసేట్టు" అన్న మాట. అరోరా వచ్చే చోట అయస్కాంత క్షేత్ర రేఖలు దాదాపు నిట్టనిలువు. అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ దగ్గర వంపు (నేలకీ రేఖకీ మధ్య కోణం) 77 డిగ్రీల చిల్లర. ఎలక్ట్రాన్లు ఆ రేఖల్ని చుట్టుకుంటా దిగుతాయి. రాకెట్ అక్షం కూడా దాదాపు నిలువే. మరి పక్కకి చూసే డిటెక్టర్ ఎన్ని చుట్లు తిరిగినా ఏం చూస్తుంది? క్షేత్రానికి అడ్డంగా, అంటే 90 డిగ్రీల పిచ్ కోణం (ఎలక్ట్రాన్ పోయే దిక్కుకీ క్షేత్రానికీ మధ్య కోణం) దగ్గరే చూస్తుంది. 300 కి.మీ. ఎత్తులో సుమారు 73 డిగ్రీల లోపు పిచ్ కోణం ఉన్నవే 100 కి.మీ. దాకా దిగి వెలుగిస్తాయి. అంతకన్నా అడ్డంగా ఉన్నవి మధ్యలోనే అద్దానికి కొట్టినట్టు వెనక్కి పోతాయి. అంటే నీ డిటెక్టర్ వెలుగిచ్చే ఎలక్ట్రాన్లని వదిలేసి, వెలుగియ్యని వాటిని లెక్కపెట్టుకుంటా కూచుంటుంది.

ముందు, రాకెట్ వాలు సరిచేసే యాటిట్యూడ్ కంట్రోల్‌తో అక్షాన్ని క్షేత్రానికి సమాంతరంగా నిలబెట్టు. ఆ తర్వాత మూడు నాలుగు డిటెక్టర్ తలలు పెట్టు: అక్షానికి 20 డిగ్రీల్లో ఒకటి, 55లో ఒకటి, 90లో ఒకటి, కిందికి చూసేట్టు 150లో ఒకటి. ఆ చివరిది గాలికి తగిలి పైకి తిరిగొచ్చే ఎలక్ట్రాన్లకి. దిగినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని అని తీసివేస్తేనే వాతావరణంలో మిగిలిపోయిన శక్తి తెలుస్తుంది.

పెన్నా_ఇసుక
ఓరి నాయనో. పక్కకి పెట్టింది తలుపు పెట్టుకోవడం ఈజీ అని.

గూడూరు_నిమ్మకాయ
తలుపు ఈజీ, డేటా సున్నా.

మార్కాపురం_పలక
నాకొక సందేహం. ఇంత తిప్పలెందుకు, నేల మీద కెమెరాలు పెడితే చాలదా? 427.8 నానోమీటర్ల నీలం, 557.7 ఆకుపచ్చ, 630.0 ఎరుపు వెలుగుల నిష్పత్తి తీస్తే ఎలక్ట్రాన్ల సగటు శక్తి వస్తుంది. రాకెట్ పది నిమిషాల ముచ్చట, కెమెరా శీతాకాలం మొత్తం చూస్తుంది. కొంగ లెక్క కరెక్టే గానీ అవసరం ఉందా అని.

పులికాట్_కొంగ
పలక అన్నా, సగటు వస్తుంది, నిజమే. స్పెక్ట్రం ఆకారం రాదు, పిచ్ కోణం రాదు. పల్సేటింగ్ అరోరాలో ఇంకో చిక్కు: ఆకుపచ్చ వెలుగిచ్చే ఆక్సిజన్ స్థితి ముప్పావు సెకను పాటు నిలబడి అప్పుడు వెలుగు వదులుతుంది. ఎరుపుది 110 సెకన్ల ఆయుష్షు. పల్సేషన్ లోపల సెకనుకి మూడు సార్లు కొట్టుకునే మాడ్యులేషన్ ఉంటుంది, అది ఆకుపచ్చలో చాలావరకు చెరిగిపోతుంది, ఎరుపులో ఆనవాలే ఉండదు. నీలం ఒక్కటే అప్పటికప్పుడు వస్తుంది.

పైగా 100 కేఈవీ ఎలక్ట్రాన్ 80-85 కి.మీ. దాకా దిగిపోతుంది. 10 కేఈవీది 100-105 దగ్గర ఆగుద్ది, 1 కేఈవీది 150 దగ్గర. వెలుగు మొత్తంలో గట్టి (ఎక్కువ శక్తి ఉన్న) ఎలక్ట్రాన్ల వాటా తక్కువ, కెమెరాకి వాటి సంగతి దాదాపు తెలియదు.

మార్కాపురం_పలక
గట్టి ఎలక్ట్రాన్లకి బెలూన్ ఉందిగా. ఎలక్ట్రాన్ గాలిలో ఆగేటప్పుడు ఎక్స్ కిరణాలు పుడతాయి, 35 కి.మీ. ఎత్తులో బెలూన్ వాటిని పడుతుంది. గట్టి ఎలక్ట్రాన్లు క్షణకాలం జల్లులా దిగే మైక్రోబరస్ట్‌లు మొదట దొరికిందే బెలూన్ల మీద.

ఒంగోలు_గిత్త
ఎక్స్ కిరణాలు అన్ని పక్కలకీ చెదిరి వస్తాయి. బెలూన్ చూసేది 50 కి.మీ. పైచిలుకు దూరం నుంచి, వెడల్పాటి ప్రాంతం మొత్తం కలిపి. ఏ మచ్చ నుంచి వచ్చిందో చెప్పలేదు. ఉపగ్రహమంటావా, సెకనుకి 7-8 కి.మీ. పోతుంది, మచ్చ దాటేసరికి అది వెలిగిందో ఆరిందో తెలియదు. రాకెట్ అడ్డంగా సెకనుకి కిలోమీటరు అటూ ఇటూ కదులుద్ది. ఒకే మచ్చ లోపల నాలుగైదు పల్సేషన్లు చూడగలదు. బెలూన్ ఎక్కలేని, ఉపగ్రహం దిగలేని ఎత్తు అది. అందుకే రాకెట్.

మార్కాపురం_పలక
సరే, ఉపగ్రహం సంగతి ఒప్పుకున్నా. బెలూన్ మీద మాత్రం ఒప్పుకోను, రోజుల తరబడి గాలిలో ఉంటుంది అది.

కందుకూరు_కాయిల్
10 కేఈవీ దగ్గర సిలికాన్ పని చెయ్యదని కావలి చెప్పాడు గదా, దాని బదులు ఏం పెట్టాలో ఎవరూ చెప్పలా. ఎలక్ట్రోస్టాటిక్ ఎనలైజర్ పెట్టాలి, టాప్-హ్యాట్ రకం. ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు అర్ధగోళాలు, మధ్యలో సన్న సందు. లోపలి గోళానికి ప్లస్ వోల్టేజీ ఇస్తే, దానికి సరిపడే శక్తి ఉన్న ఎలక్ట్రానే ఆ సందులో వంగి అవతలికి చేరుతుంది. మిగతావి గోడలకి కొట్టుకుంటాయి.

లెక్క: సగటు వ్యాసార్థం 40 మి.మీ., సందు 3 మి.మీ. అనుకో. వ్యాసార్థాన్ని సందుకి రెట్టింపుతో భాగిస్తే 6.7. అంటే 1 వోల్టుకి 6.7 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ దాటుతుంది. 20 కేఈవీకి 3,000 వోల్టులు. 30కి పోవాలంటే 4,500, ఆ సందులో అది ప్రమాదం. అందుకే ఎనలైజర్‌ని 20-30 దగ్గర ఆపి, ఆ పైన సిలికాన్‌కి అప్పజెపుతారు. రెండూ 20-30 మధ్య ఒకే చోట చూస్తే ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసుకోవచ్చు.

వోల్టేజీని పై నుంచి కిందికి 32 మెట్లలో దించు, మెట్టుకి 1 మిల్లీసెకను. చివర్నించి మళ్ళీ పైకి ఎగిరినప్పుడు మొదటి మెట్టు డేటా పారెయ్, వోల్టేజీ కుదురుకోదు. 16 యానోడ్లు (ఎలక్ట్రాన్లు వచ్చి పడే పలకలు) పెడితే దిక్కుకి 22.5 డిగ్రీలు. 32 శక్తులు, 16 కోణాలు, లెక్కకి 16 బిట్లు, 32 మిల్లీసెకన్లకొకసారి: సెకనుకి 256 కిలోబిట్లు. ఎస్-బ్యాండ్ టెలిమెట్రీకి (రాకెట్ నుంచి కిందికి డేటా పంపే రేడియో) ఇదొక లెక్క కాదు.

కావలి_కెపాసిటర్
కాయిల్ చెప్పినదాంట్లో ఒకటి కలపాలి. 16 యానోడ్లతో 360 డిగ్రీలూ ఒకేసారి కనపడతాయి కాబట్టి స్పిన్ మీద ఆధారపడక్కర్లా. రెండు సెకన్ల చుట్టుతో మాత్రం 0.3 సెకన్ల మాడ్యులేషన్ చూశామంటే, లెక్క పెరిగింది కోణం మారినందుకా, నిజంగా ఎలక్ట్రాన్లు పెరిగినందుకా అన్నది ఎప్పటికీ తేలదు.

పులికాట్_కొంగ
టైమ్ ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. పల్సేటింగ్ అరోరాలో ఎలక్ట్రాన్లని కోరస్ తరంగాలు (అంతరిక్షంలో పుట్టే ఒకరకం రేడియో తరంగాలు) చెదరగొట్టేది భూమధ్య తలం దగ్గర. అక్కణ్ణుంచి కింది దాకా రేఖ పొడవు, ఆరు భూవ్యాసార్థాల దూరపు రేఖకి, సుమారు 45,000 కి.మీ. 10 కేఈవీ ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో 0.195 వంతు, కాబట్టి 0.77 సెకన్లు పడుతుంది. 100 కేఈవీది 0.55 వంతు, 0.27 సెకన్లకే దిగిపోతుంది. ఒకేసారి బయల్దేరినా అర సెకను తేడా. ఆ తేడా కొలిస్తే అవి ఎక్కడ చెదిరాయో వెనక్కి లెక్క కట్టొచ్చు. ఎనలైజర్‌కీ సిలికాన్‌కీ గడియారం ఒకటే ఉండాలి, 1 మిల్లీసెకనుకి మించి తేడా రాకూడదు.

2022 మార్చి 5 తెల్లవారుజామున పోకర్ ఫ్లాట్ నుంచి నాసా ఎగరేసిన ల్యాంప్ రాకెట్ పని ఇదే. పల్సేటింగ్ అరోరా వెలిగేటప్పుడే మైక్రోబరస్ట్ ఎలక్ట్రాన్లు కూడా దిగుతున్నాయా అని.

మైపాడు_అల
మన షార్ పక్కనే ఉంటే అలాస్కా ఎందుకబ్బా? శ్రీహరికోట నుంచి ఎగరేస్తే చాలదా?

గూడూరు_నిమ్మకాయ
శ్రీహరికోట ఇప్పుడు నెల్లూరు కాదు, తిరుపతి జిల్లా. "మన" అనబాకు, ఏడుపొస్తుంది.

ఒంగోలు_గిత్త
జిల్లా ఏదైనా అయస్కాంత అక్షాంశం మారదు. అరోరా వలయం 65-70 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర ఉంటుంది. మనం అయస్కాంత భూమధ్యరేఖ పక్కన ఉన్నాం. ఇక్కడి రేఖలు కొంచెం పైకి లేచి దక్షిణాన దిగిపోతాయి, అరోరా ఎలక్ట్రాన్లు ఉండే చోటికి పోవు. తుంబాని 1963లో ఎంచుకుంది ఆ రేఖ నెత్తి మీద ఉందనే, ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ (ఆ రేఖ వెంట ఆకాశంలో పారే కరెంటు) చూడ్డానికి. శ్రీహరికోట నుంచి కూడా 1971 అక్టోబరు 9న రోహిణి-125తో మొదలుపెట్టి సౌండింగ్ రాకెట్లు పోయాయి, 2021 మార్చిలో ఆర్‌హెచ్-560 కూడా పోయింది, గాలులూ ప్లాస్మా చూడ్డానికి. ఎలక్ట్రాన్ సాంద్రతకి లాంగ్‌ముయిర్ ప్రోబ్ పెట్టాలంటే మన చోటు బ్రహ్మాండం. అరోరాకి కాదు.

మైపాడు_అల
2024 మేలో లద్దాఖ్‌లో కనపడిందే?

ఒంగోలు_గిత్త
హాన్లేలో కెమెరాకి చిక్కింది ఎర్ర వెలుగు. 630 నానోమీటర్లది పుట్టేది 200 కి.మీ. పైన. అంత ఎత్తులో ఉంది కాబట్టి దూరం నుంచి, ఉత్తరపు దిగంతంలో కనపడింది. వాళ్ళ నెత్తి మీద కురిసింది కాదు.

కందుకూరు_కాయిల్
మళ్ళీ పనిలోకి. హై వోల్టేజీ లేదని సంబరపడ్డావు గదా, ఇప్పుడు తప్పదు. ఎనలైజర్ వెనక మైక్రోచానెల్ ప్లేట్లు (ఒక్క ఎలక్ట్రాన్ పడితే లక్షలుగా పెంచే సన్న చిల్లుల గాజు పలకలు) రెండుంటాయి, జంటకి 2,000 వోల్టుల చిల్లర. వీటిని చంపేవి రెండు.

ఒకటి తేమ. ప్లేట్ గాజు నీళ్ళు పీల్చి ఉబ్బుద్ది, వంగుద్ది, పగులుద్ది. మన కోస్తా గాలిలో గంట సేపు తెరిచి పెట్టినా తప్పే. తెచ్చినప్పటి నుంచి లాంచ్‌కి ముందు దాకా పొడి నైట్రోజన్ పారతా ఉండాలి.

రెండోది గాలి పలచబడే మధ్య దశ. గాలి మరీ చిక్కగా ఉంటే నిప్పురవ్వ రాదు, మరీ పలచగా ఉంటే రాదు. మధ్యలో ఒక చోట 330 వోల్టులకే కొట్టేస్తుంది. 1 సెంటీమీటరు సందుకి ఆ చోటు అర టార్ (గాలి ఒత్తిడి కొలత) పై చిల్లర. కాబట్టి నేల మీద ఇన్‌హిబిట్ ప్లగ్గు (హై వోల్టేజీ ఆన్ కాకుండా ఆపేది), ఎర్ర రిబ్బను కట్టి. పైకి పోయాక కూడా వెంటనే ఆన్ చెయ్యకూడదు. 120 కి.మీ. దగ్గర బయట 0.00002 టార్ ఉన్నా, పేలోడ్ లోపల చిక్కుకున్న గాలి, తేమ, వైర్ల మీద పోసిన పాటింగ్‌లో బుడగలు ఇంకా కక్కతా ఉంటాయి. పెట్టెకి గాలి పోయే చిల్లులు పెట్టకపోతే లోపల ఒత్తిడి బయటికన్నా వంద రెట్లుంటుంది. మెట్లు మెట్లుగా, 500 వోల్టుల చొప్పున పెంచు. టంకం మొనలు గుండ్రంగా ఉండాలి, సూదిలా లేస్తే అక్కణ్ణించే కరోనా (గాలిలోకి కరెంటు కారడం) మొదలు.

పెన్నా_ఇసుక
అంటే 130 కి.మీ. దగ్గర ఆన్ చేద్దామా?

కావలి_కెపాసిటర్
నీ రాకెట్ ఎక్కేది 160. 130 పైన ఉండేది పైకీ కిందికీ కలిపి 160 సెకన్లు. వోల్టేజీ మెట్లకి 30 పోతే 130 మిగిలాయి. పల్సేషన్ ఒక్కోటి 2 నుంచి 20 సెకన్లు. మచ్చ తగిలితే తగిలినట్టు, లేకపోతే అంతే సంగతులు. 400 కి.మీ. తరగతికి పోతే 100 కి.మీ. పైన తొమ్మిది నిమిషాలకి దగ్గరగా దొరుకుద్ది.

గూడూరు_నిమ్మకాయ
రాకెట్ కూడా పాయె.

ఒంగోలు_గిత్త
400కి పోతే ఎండ వస్తుంది, జాగ్రత్త. కింద చీకటి గదా అనుకోబాకు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి పోయినా 328 కి.మీ. పైన ఎండ పడతానే ఉంటుంది. 20 డిగ్రీలకి పోతే ఆ ఎత్తు 409. సిలికాన్‌కి వెలుగు తగిలితే బేస్‌లైన్ లేచిపోతుంది. ఎనలైజర్ లోపల అతినీలలోహిత కిరణాలు గోడల్ని తాకి ఎలక్ట్రాన్లని పుట్టిస్తాయి, ఇవీ లెక్కలో చేరిపోతాయి. గోళాల లోపలి వైపు నల్లపూత, రంపపు పళ్ళలాంటి గాట్లు పెట్టేది ఇందుకే. సూర్యుడు 20 డిగ్రీల కిందికి పోయాకే లాంచ్ అని విండోలో రాసుకో.

సిలికాన్ ముందు 2 మైక్రాన్ల అల్యూమినియం కప్పు. వెలుగు ఆగుద్ది, 10 కేఈవీ ఎలక్ట్రాన్లూ, సుమారు 200 కేఈవీ లోపు ప్రోటాన్లూ ఆగిపోతాయి.

మార్కాపురం_పలక
10 కేఈవీవి ఆపేస్తే నష్టం కాదా?

ఒంగోలు_గిత్త
లాభం. అవి ఎనలైజర్ వంతు. చదరపు మీటరుకి 1 మిల్లీవాట్ అరోరాలో చదరపు సెంటీమీటరుకి సెకనుకి 6 కోట్ల 10 కేఈవీ ఎలక్ట్రాన్లు దిగుతాయి. కొలిమేటర్ (డిటెక్టర్ ముందు దారి ఇరుకు చేసే గొట్టం) ఎంత బిగించినా, జామెట్రిక్ ఫ్యాక్టర్ (ఎంత వైశాల్యం, ఎంత కోణం చూస్తుందో కలిపిన లెక్క) 0.01 అయినా సెకనుకి 2 లక్షలు లోపలికొస్తాయి. థ్రెషోల్డ్ దాటకపోయినా ఒకదాని మీద ఒకటి పడి 20, 30 కేఈవీ పల్స్‌లా కనపడతాయి. రేకు పెడితే ఆ పైలప్ పోతుంది.

కావలి_కెపాసిటర్
క్యాలిబ్రేషన్ మర్చిపోయారు. అమెరీషియం-241 గామా 59.5 కేఈవీతో ఎలక్ట్రానిక్స్ చూసుకోవచ్చు గానీ, రేకు మింగే శక్తి దాంతో తెలియదు. దానికి ఎలక్ట్రాన్లే కావాలి: కాడ్మియం-109వి 62, 84 కేఈవీ, బిస్మత్-207వి 482, 976 కేఈవీ. అన్నీ వాక్యూమ్ ఛాంబర్‌లోనే, గాలిలో 60 కేఈవీ ఎలక్ట్రాన్ కొద్ది సెంటీమీటర్లకే ఆగిపోతుంది. 976 పెడితే వెనక డిటెక్టర్ పని చేస్తుందో లేదో కూడా తేలిపోతుంది. సోర్సులకి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధనలు ముందే చూసుకోండి.

పులికాట్_కొంగ
ఇంకొకటి, ఎప్పుడు నిప్పు పెట్టాలి అన్నది. పల్సేటింగ్ అరోరా అర్ధరాత్రి దాటాక, అరోరా పెద్దగా విరజిమ్మాక వస్తుంది. రాకెట్ పోయే దారి కింద కెమెరా ఉన్న ఊళ్ళో ఆకాశం తెరిపిగా ఉండాలి, చంద్రుడు ఉండకూడదు. రాకెట్‌ని వారాల తరబడి థర్మోకోల్ పెట్టెలో వేడిగాలి పెట్టి లాంచర్ మీదే ఉంచుతారు, పోయేటప్పుడు ఆ పెట్టెని చీల్చుకునే పోతుంది.

కెమెరా బొమ్మలో రాకెట్ ఎక్కడుందో గుర్తు పెట్టేటప్పుడు దాని సరిగ్గా కింద చుక్క పెడతారు పిలకాయలు. తప్పు. 300 కి.మీ. ఎత్తు నుంచి 77 డిగ్రీల వంపు రేఖ వెంట 100 కి.మీ.కి దిగితే 46 కి.మీ. ఉత్తరానికి జరుగుతావు. మచ్చ ఒకటి, డేటా ఇంకోదానిది అయిపోతుంది.

పెన్నా_ఇసుక
సరే, ఇప్పుడు ఇదీ: 400 కి.మీ. రాకెట్. అక్షం క్షేత్రానికి సమాంతరం. టాప్-హ్యాట్ ఎనలైజర్ 30 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 25 కేఈవీ దాకా. సిలికాన్ తలలు నాలుగు, ఒక్కోటి రెండు పొరలు, ముందు 2 మైక్రాన్ల రేకు. హై వోల్టేజీ 130 కి.మీ. దగ్గర మొదలు. మూడక్షాల మ్యాగ్నెటోమీటర్.

కందుకూరు_కాయిల్
మ్యాగ్నెటోమీటర్‌ని బూమ్ మీద పెట్టు. బ్యాటరీల పక్కన పెడితే క్షేత్రం దిక్కే తప్పొస్తుంది, పిచ్ కోణాలన్నీ తప్పే. హై వోల్టేజీని దిగేటప్పుడు 120 దగ్గర ఆపడం కూడా టైమర్‌లో రాయి. ఎక్కేటప్పుడు అందరికీ గుర్తుంటది, దిగేటప్పుడు ఎవరికీ ఉండదు.

పెన్నా_ఇసుక
రాశా. ఖర్చు టేబుల్ మాత్రం మళ్ళీ మొదటి నుంచి.

గూడూరు_నిమ్మకాయ
ఆ టేబుల్‌కి కూడా రేకు కప్పి ఇవ్వు సార్‌కి.